సర్ హ్యారీ రికార్డో

మోటారు సైకిలు ఎత్తైన బాట నెక్కుచున్నప్పుడు ఒక్కొక్కప్పుడు దాని ఇంజనులోనుండి చిన్న సుత్తితో లోహమును కొట్టినట్లు టంగుటంగుమని ధ్వని పుట్టుచుండును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. నేటి బండ్లలో నిది అరుదు. పాతకాలపు బండ్లలో సామాన్యము. దీనిని లక్ష్యపెట్టక బండిని నడిపినచో తుదకు పిస్టను కరగి చిల్లిపడుటయు కలదు. ఈ ధ్వనికి కారణము నూహించినవారు పెక్కండ్రు. ఊహతో తృప్తిపడక, పరీక్షించి నిజమును కనుగొనినవారిలో సర్ హ్యారీ రికార్డో అగ్రగణ్యుడు. ఈయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

రికార్డో 1885వ సంవత్సరము జనవరి 26వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి హాల్సీ రికార్డో ప్రసిద్ధుడైన వాస్తుశిల్పి. మన ప్రాంతమునుండి కలకత్తా పోవువారు రైలు దిగెడు హౌరా స్టేషను భవనమునకు రూపకల్పన చేసినది ఆయనయే. మాతామహుడు సర్ అలెగ్జాండర్ రెండెల్ గొప్ప ఇంజనీరు. హిందూదేశపు రైలుమార్గములకు సలహాదారుగా నుండెను. ఇట్టి కుటుంబమున పుట్టిన బాలునకు యంత్రములయందు ఆసక్తి కలుగుట వింతగాదు. రగ్బీ పాఠశాలలో చదువు ముగించి, 1903లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలయందు ప్రవేశించెను.

1904లో అచ్చటి విద్యార్థుల మోటారు సంఘము ఒక పందెము నేర్పాటు చేసెను. ఒక క్వార్టు, అనగా ఇంచుమించు 1.14 లీటర్ల పెట్రోలుతో ఎవరి బండి ఎక్కువ దూరము పోవునో వారికే గెలుపు. రికార్డో తాను నిర్మించిన ఒక్క సిలిండరు ఇంజనును మోటారు సైకిలునకు అమర్చి పందెమునకు వచ్చెను. పోటీకి వచ్చినవానిలో దాని ఇంజనే మిక్కిలి బరువైనది. అయినను అది 40 మైళ్లు నడచి గెలుపొందెను. ఆచార్యుడు బెర్ట్రాం హాప్కిన్సను ఈ యువకుని నేర్పును గుర్తించి, తన ఇంజను పరిశోధనలలో చేర్చుకొనెను.

ఆ కాలమున నాకింగునకు సాధారణముగా చెప్పుచుండిన కారణమొకటి కలదు. సిలిండరులో పేరుకొనిన మసి ఎఱ్ఱగా కాలి, నిప్పురవ్వ పుట్టకమునుపే పెట్రోలు ఆవిరిని అంటించుననియు, ఆ మంట పైకి వచ్చుచున్న పిస్టనునకు ఎదురుతగులుటచే ధ్వని పుట్టుననియు వారి మతము. మసిని గీచివేసినచో చప్పుడు కొంత తగ్గుచుండుటచే జనులకు ఆ మాటయందు నమ్మకము బలపడెను.

రికార్డో ఆ మాటను పరీక్షింపక అంగీకరింపలేదు. హాప్కిన్సను కల్పించిన సాధనమొకటి ప్రయోగశాలలో నుండెను. సిలిండరులోని ఒత్తిడి హెచ్చుతగ్గుల ననుసరించి దానియందలి చిన్న అద్దము కదలి, వెలుగురేఖను చిత్రించుచుండును. దానివలన చూడగా, ఒత్తిడి అకస్మాత్తుగా పెరుగుట నిప్పురవ్వకు ముందుగాక, మంట రగిలి కొంత వ్యాపించిన పిమ్మటనే జరుగుచున్నట్లు తేలెను. మంట ఒకవైపునుండి వ్యాపించుచు, ఇంకను అంటుకొనని ఆవిరిని మూలకు నొక్కివేయును. ఆ నొక్కుడుచే అది మిక్కిలి వేడెక్కి, మంట తన్ను చేరకమునుపే తనంతట తానే ఒక్కుమ్మడిగా పేలును. ఆ పేలుడు సిలిండరు గోడలను తాకుటయే మనము వినెడు టంగుమను ధ్వని. నిప్పురవ్వకు ముందే ఆవిరి అంటుకొనుట వేరొక రోగము; అది చప్పుడు లేకయే ఇంజను శక్తిని హరింపవచ్చును. రెండు రోగములను ఒకటిగా తలచినంతకాలము చికిత్స కుదరదు గదా!

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఈయన యుద్ధట్యాంకులకు 150 అశ్వశక్తిగల ఇంజనును కల్పించెను. ట్యాంకు వెలువరించు పొగను చూచి శత్రువులు గురిపెట్టుచుండిరి గనుక, పొగ రాని ఇంజను ఆనాడు సైనికుల ప్రాణరక్షణకే అవసరమయ్యెను.

యుద్ధానంతరము 1919లో షోర్‌హాం పట్టణమున ప్రయోగశాల నెలకొల్పి, హెన్రీ టిజర్డు, డేవిడ్ పై అను విద్వాంసుల సాయముతో పెట్రోలు రకములను శోధించెను. ఇందుకై నిర్మించిన ఇంజనులో, అది తిరుగుచుండగనే ఆవిరిని నొక్కెడు పరిమాణమును మార్చవచ్చును. నొక్కుడును క్రమముగా పెంచుచు, చప్పుడు మొదట ఎచ్చట వినబడునో అచ్చట గుర్తించెడివారు. ఆ విధముగా ప్రతి పెట్రోలుయొక్క సహనశక్తిని కొలువగలిగిరి. నేడు పెట్రోలు బంకులలో మనము చూచెడు ఆక్టేను సంఖ్యలకు ఇట్టి పరిశోధనలే పునాది.

మోటారు సైకిలును ఈయన మరువలేదు. ట్రయంఫు కంపెనీకై 499 ఘన సెంటీమీటర్ల సిలిండరునకు నాలుగు వాల్వులుగల ఇంజనును రూపొందించెను. 1922లో మాన్ ద్వీపమున జరిగిన ప్రసిద్ధమైన పందెమున వాల్టర్ బ్రాండిష్ ఆ బండినెక్కి ద్వితీయస్థానము పొందెను.

పాత మోటారు సైకిళ్లు గలవారికి రికార్డో పద్ధతి నేటికిని ఉపకరించును. చప్పుడు ఎప్పుడు పుట్టునో, ఏమి చేసిన ఆగునో మొదట చూడవలెను. ఎత్తెక్కునపుడు పుట్టి, హ్యాండిలుమీది స్పార్కు మీటను వెనుకకు త్రిప్పగనే ఆగినచో అది నాకింగు. ఇంజను చల్లగా నున్నప్పుడు పలికి, వేడెక్కిన కొలది తగ్గినచో పిస్టను వదులైనదని యూహింపవచ్చును. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కసారి టిక్కుమనుచు సన్నగా వినబడునది టాపెట్ల చప్పుడు. లోతుగా దబదబమని మ్రోగినచో కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగియుండవచ్చును. అప్పుడు బండిని వెంటనే ఆపవలెను. పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనునకు ఆనించి, పిడిని చెవికి చేర్చినచో చప్పుడు పుట్టు చోటు తెలియును. ఒక్కసారి ఒక్కదానినే మార్చి చూడవలెను. అన్నిటిని ఒకేసారి విప్పినవానికి ఏ మార్పువలన గుణము కలిగెనో తెలియనే తెలియదు.

నాకింగు నణచుటకు వేరొక మార్గమును అమెరికాలో కనుగొనిరి. 1921లో థామస్ మిడ్జ్లీ అనునతడు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కొద్దిగా కలిపినచో చప్పుడు ఆగునని కనిపెట్టెను. ఇంజనులకు మేలు కలిగెను గాని, ఆ సీసము పొగతో గాలిలో కలసి మనుష్యుల దేహములలో, ముఖ్యముగా పసిపిల్లల మెదళ్లలో, విషమై పనిచేసెను. భారతదేశము 2000లో వాహనములకు దానిని మాన్పించెను. లోకములో కడపట 2021లో అల్జీరియా మానెను. చప్పుడు ఆగిన మాత్రముచేత చికిత్స సంపూర్ణమైనదని తలపరాదు. మంట త్వరగా, సమముగా వ్యాపించునట్లు సిలిండరు తలభాగపు ఆకృతిని మార్చి, రికార్డో చూపిన మార్గము నేటి ఇంజనులలోను నిలిచియున్నది.

ఈయన 1929లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1948లో సర్ బిరుదమును పొందెను. 1974 మే 18న, తన 89 ఏండ్ల వయస్సున కాలధర్మము నొందెను.

విద్యార్థులారా! ఎల్లరును చెప్పుచున్నారను హేతువుచేత ఏ మాటను నిజమని తలపకుడు. ఓర్పుతో వినుడు, ఒక్కొక్కటిగా పరీక్షింపుడు, కారణము తెలిసిన పిమ్మటనే చేయి చేసికొనుడు. ఇరువది యేండ్లు నిండని విద్యార్థిగా మోటారు సైకిలుతో మొదలిడిన రికార్డో ఈ గుణములచేతనే లోకోపకారి కాగలిగెను.