నిజాం కొన్న విమానాలు

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో పుట్టి, 1911లో ఏడవ నిజాంగా గద్దెనెక్కాడు. మన కరీంనగర్, ఆదిలాబాద్ కూడా ఆయన ఏలుబడిలోనివే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారి 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఏ బాంబర్ల ఖర్చు ఆయనే భరించాడు. ఒక్కోదానికి 400 హార్స్‌పవర్ ఇంజను. 1918లో అవి పట్టపగలే జర్మనీ మీద బాంబులు వేసివచ్చాయి. ఆ ఖజానాలో పెద్దభాగం రైతు కట్టిన శిస్తే.

1940లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ఇంగ్లండు ఆకాశాన్ని కాచాయి. అదే ఏడు మన జోడేఘాట్‌లో అడవి, భూమి మాదేనన్న కొమురం భీమ్ నిజాం పోలీసుల తూటాలకు ఒరిగాడు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చినప్పుడు నిజాం తరఫున ఎదురెగిరే యుద్ధ విమానం ఒక్కటీ లేదు. అయిదు రోజుల్లో లొంగిపోయాడు. 1967లో కన్నుమూశాడు.

విమానం కొనేటప్పుడు ధర, వేగం చూస్తే చాలదు. పైసలు కట్టినోడెవరు, అది కాచేదెవరినని కూడా అడగాలె.