వానలెక్కల వాకరు దొర

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మన రైతుల చూపులు నైరృతి దిక్కుననే నిలిచియుండును. విత్తనములు గాదెనుండి తీయుటయా, మఱి పదిదినములు తాళుటయా యను ప్రశ్నకు పూర్వము పంచాంగమే బదులు చెప్పుచుండెను. నేడు పంచాంగముతోబాటు వాతావరణశాఖవారి ప్రకటనయు చదువుచున్నారు. ఆ ప్రకటనకు గణితముతో పునాది వేసినవాడు సర్ గిల్బర్టు వాకరు. వాతావరణశాస్త్రమును పట్టపరీక్షానంతరము చదువదలచు యువకులకును, వారి చదువునకై సొమ్ము వెచ్చింపవలసిన తండ్రులకును ఆతని చరిత్ర తెలియదగియున్నది.

వాకరు 1868వ సంవత్సరము జూన్ 14వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలయందు గణితము చదివి, 1889లో సీనియర్ రాంగ్లరు పదవిని, అనగా గణితపరీక్షలో ప్రథమస్థానమును పొందెను. విసిరినవాని చెంతకే మరలివచ్చు ఆస్ట్రేలియా దేశపు వంకరకఱ్ఱ యనిన ఆతనికి అమితమైన వేడుక. అది యేల మరలునో లెక్కకట్టి వ్రాసిన వ్యాసమువలన మిత్రులాతనిని ఆ కఱ్ఱ పేరనే పిలువసాగిరి. వేణువు వాయించుటయేకాక దాని నిర్మాణమును గూర్చియు పరిశోధించెను. మేఘములతోడను వానలతోడను అంతవరకు ఆతనికి సంబంధము లేదు.

అట్టివాడు మన దేశమునకు వచ్చుటకు కారణము 1899వ సంవత్సరపు అనావృష్టి. వాతావరణశాఖాధిపతియగు సర్ జాన్ ఎలియట్ ఆ యేడు వాన సమృద్ధిగా కురియునని సూచించియుండెను, కురియలేదు. పడమటి జిల్లాలలోను మధ్యపరగణాలలోను స్వదేశసంస్థానములలోను జనులు లక్షలకొలది మడిసిరి. వాన లేకపోవుటయొక్కటియే వారిని చంపలేదు. శిస్తు వసూలులోని కాఠిన్యము, ధాన్యవ్యాపారమున ప్రభుత్వము కలుగజేసికొనరాదను సిద్ధాంతము, కరవుపనులయందు చూపిన లోభము ఇందులకు తోడ్పడెను. ఈ దోషములను లెక్కలతో సవరింప వీలులేదు. వానను ముందుగా నెఱిగినంతమాత్రమున గాదెలు నిండవు. అయినను ఎఱుగుట మేలే.

1904లో వాకరు సిమ్లాయందు శాఖాధిపత్యము వహించెను. వాన యేల కురియునను సిద్ధాంతములతో కాలము గడపక, ప్రపంచమున లభించు కొలతలనన్నిటిని ప్రోగుచేసి, ఏది పెరిగిన ఏది తగ్గునో పరీక్షింప నారంభించెను. హిమాలయముపై మేనెల చివర నిలిచిన మంచు, మారిషస్ దీవిలోను దక్షిణ అమెరికాలోను గాలిపీడనము, జాంజిబారులో కురిసిన వాన - ఈ నాలుగింటినిబట్టి 1909లో మన నైరృతివర్షములను అంచనా కట్టెను. గణనయంత్రములు లేని దినములవి. కార్యాలయములోని భారతీయ గుమాస్తాలు సంవత్సరముల తరబడి అంకెలు హెచ్చవేసి భాగించిరి. వాకరు పేరు లోకమెఱుగును; ఆ గుమాస్తాల పేర్లను తలచువారు లేరు.

అడవులు నరుకుటచే వానలు తగ్గినవను వాదమును పరిశీలించి, శాశ్వతమైన మార్పునకు నిదర్శనము లేదని 1910లో ఆతడు ప్రకటించెను. ఆనాటి కొలతలంతకంటె చెప్పనీయవు. బొగ్గు, చమురు కాల్చుటవలన పెరిగిన అంగారవాయువు భూమిని వేడిచేయుచున్నదను నేటి నిర్ణయము, తరువాతి నూఱేండ్ల కొలతలపై నిలిచినది.

1913లో చెన్నపట్టణమునకు వచ్చినపుడు, ఓడరేవు కార్యాలయపు గుమాస్తా యొకడు వ్రాసిన గణితమును సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు ఆతనికి చూపెను. ఆ విషయము తన విద్యకు లోబడినది కాదని దాచక చెప్పియు, ఆ యువకుని పోషింపుడని వాకరు విశ్వవిద్యాలయమునకు గట్టిగా వ్రాసెను. నెలకు 75 రూపాయల వేతనము రెండేండ్లకు లభించెను. ఆ గుమాస్తాయే శ్రీనివాస రామానుజన్. మన పెద్దలు ఇంట నున్న మాణిక్యమును గుర్తించుటకు ఒక దొర చెప్పవలసివచ్చుట కొంత సిగ్గుపడదగిన సంగతియే.

వాకరు కనుగొన్న వానిలో మిన్నయైనది 1924లో ఆతడు దక్షిణాందోళనమని పేరిడినది. పసిఫిక్ సముద్రముపై గాలిపీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రముపై తగ్గును; అది తగ్గిన ఇది హెచ్చును. త్రాసుతట్టలవలె ఈ రెండును ఊగుచుండును. కారణము చెప్పలేని అంకెలని పలువురు పెదవి విఱిచిరి. ఆ విమర్శ కేవలము అన్యాయము కాదు. ఈ సంబంధములు కొన్ని దశాబ్దములు బలముగానుండి పిదప సడలుచుండును. 1997లో పసిఫిక్ జలము మిక్కిలి వేడెక్కినను మనకు వాన తప్పలేదు; 2002లో వాన సామాన్యముగా నుండునని శాఖవారు చెప్పగా నూటికి 19 పాళ్లు తగ్గెను.

ఆ యేడే, 1924లో, సర్ బిరుదముతో స్వదేశమునకేగి లండను ఇంపీరియలు కళాశాలలో వాతావరణశాస్త్రాచార్యుడై, 1934వఱకు బోధించెను. ఆతడు విడిచిన పీఠమున భారతీయుడు, ఎస్. కె. బెనర్జీ, కూర్చుండుటకు 1944 రావలసివచ్చెను.

నేడా ద్వారములు తెఱచియున్నవి. వాకరువలెనే, ఈ శాస్త్రమునకు వచ్చువారు గణితమో భౌతికశాస్త్రమో మొదట గట్టిగా చదివియుండవలెను. అది లేనివారికి దారి కష్టము. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున వాతావరణ, సముద్రశాస్త్రములకు ప్రత్యేకశాఖ గలదు. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందును ఢిల్లీ ఐ.ఐ.టి.యందును ఉన్నతబోధనయు, పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థయందు పరిశోధనయు జరుగుచున్నవి. చదివినవారికి కేంద్ర వాతావరణశాఖ, హైదరాబాదులోని సముద్రసమాచార కేంద్రము, తిరుపతి చెంత గాదంకి వాతావరణ పరిశోధనాలయము, జలాశయముల వరదసూచన, పంటల భీమా, గాలివిద్యుత్తు, సూర్యవిద్యుత్తు సంస్థలు - ఇన్నిచోట్ల పని గలదు. పరిశోధనకు వేఱుగ నాలుగైదేండ్లు పట్టును. ఒక్కయేటిలో ఫలము కోరువారిందు దిగకుండుట మంచిది. 1977లో దివిసీమ ఉప్పెనకు వేలమంది బలియైరి. 2014లో హుదుద్ తుపాను విశాఖపట్టణమును చీల్చినపుడు, ముందుగా హెచ్చరించి జనులను తరలించుటచే ప్రాణనష్టము పదులలో నిలిచెను. ఈ విద్య చేయు పని యిట్టిది.

వాకరు 1958 నవంబరు 4వ తేదీన, తొంబదియేండ్లు నిండినపిమ్మట గతించెను. త్రాసుతట్టల యూపునకు కారణము అప్పటికిని తెలియదు. పదునొకండేండ్ల తరువాత, 1969లో, జాకబ్ బ్యర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు ఆ యూపునకును పసిఫిక్ జలముల వేడికిని గల ముడిని విప్పిచూపి, ఆ సముద్రముపై తూర్పుపడమరలుగా తిరుగు గాలిచక్రమునకు వాకరు పేరు పెట్టెను.