జార్జ్ షైరస్ III

జార్జ్ షైరస్ III (1859 జనవరి 1 – 1942 మార్చి 24) అమెరికాకు చెందిన న్యాయవాది, రాజకీయ నాయకుడు, ప్రకృతి పరిశీలకుడు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే జింకలను రాత్రివేళ మెరుపు దీపంతో ఛాయాచిత్రాలు తీసిన తొలి వ్యక్తిగా ప్రసిద్ధి చెందాడు. వలస పక్షుల రక్షణకు అమెరికా కేంద్ర ప్రభుత్వం చట్టం చేయాలని ఆ దేశపు కాంగ్రెసులో మొట్టమొదట బిల్లు ప్రవేశపెట్టినది కూడా ఈయనే.

బాల్యం, విద్య

షైరస్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అల్లెఘెనీ నగరంలో జన్మించాడు. ఈ నగరం 1907లో పిట్స్‌బర్గ్‌లో కలిసిపోయింది. తండ్రి జార్జ్ షైరస్ జూనియర్ పేరుమోసిన న్యాయవాది. 1892 నుండి 1903 వరకు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశాడు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురిదీ ఒకే పేరు కావడంతో పాత పత్రికలలో వీరి విషయాలు ఒకరివి మరొకరికి అంటగట్టడం కనిపిస్తుంది. పేరు చివరి మూడవ అంకె ఈయనను గుర్తించడానికే.

కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి 1881లో పట్టా పొంది, 1883లో యేల్‌లో న్యాయశాస్త్రం పూర్తిచేసి, పిట్స్‌బర్గ్‌లో వకీలుగా స్థిరపడ్డాడు. 1885లో ఫ్రాన్సెస్ వైట్‌ను వివాహమాడాడు. ఆమె మిషిగన్ రాష్ట్రంలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మార్క్వెట్ పట్టణ ప్రముఖుడు పీటర్ వైట్ కుమార్తె. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

అయితే మార్క్వెట్‌తో షైరస్ అనుబంధం పెళ్ళికి చాలా ముందుది. చేపల వేటకు, జింకల వేటకు ఆ ప్రాంతానికి వెళ్ళడం షైరస్ కుటుంబానికి తాతల నాటి అలవాటు. జార్జ్ పదకొండేళ్ళ వయసులో మొదటిసారి అక్కడికి వెళ్ళాడు. సమీపంలోని వైట్‌ఫిష్ సరస్సు ఒడ్డున వేసిన విడిది ఆయనకు జీవితాంతం రెండవ ఇల్లయింది.

తుపాకీ నుండి కెమెరాకు

ఆ ప్రాంతపు ఆదివాసులైన ఒజిబ్వేలకు రాత్రివేటలో ఒక పద్ధతి ఉండేది. తేలికపాటి పడవ ముందు భాగంలో పళ్ళెంలో నిప్పు వెలిగించి, చప్పుడు కాకుండా ఒడ్డు వెంబడి తెడ్డు వేసుకుంటూ వెళ్ళేవారు. నీటి మొక్కలు మేయడానికి దిగిన జింక ఆ వెలుగును చూస్తూ కదలకుండా నిలబడిపోయేది. దాని కళ్ళు చీకటిలో రెండు నిప్పుకణికల్లా మెరిసేవి. వాటి మధ్యకు గురిచూస్తే చాలు. తెల్లవారు ఈ పద్ధతిని నేర్చుకుని నిప్పు స్థానంలో కిరోసిన్ దీపం పెట్టారు. షైరస్ కూడా కుర్రతనంలో ఇలాగే వేటాడాడు. తరువాతి కాలంలో అమెరికాలోని చాలా రాష్ట్రాలు దీపపు వేటను నిషేధించాయి.

1880ల చివరినాటికి షైరస్‌కు చంపడంపై ఆసక్తి తగ్గింది. అడవిలో గడపడం, జంతువు జాడ పట్టడం, గాలివాటు చూసుకుని దగ్గరకు చేరడం, ఇవన్నీ కావాలి. చివరి తూటా మాత్రం అక్కరలేదు. తుపాకీ స్థానంలో కెమెరా పెడితే ఆ ఆనందమంతా మిగులుతుందని, పైగా జంతువు కూడా మిగులుతుందని ఆయన భావించాడు. 1889 ప్రాంతంలో కొమ్మలతో కట్టిన చాటు వెనుక కూర్చుని పగటిపూట జింకలను చిత్రించడం మొదలుపెట్టాడు. ఫలితాలు అంతంతమాత్రం. జింక పగలు తక్కువగా బయటికి వస్తుంది, వచ్చినా మనిషి వాసనకు పారిపోతుంది. దాంతో తాను వదిలేసిన దీపపు వేటనే షైరస్ మళ్ళీ పట్టుకున్నాడు, ఈసారి కెమెరాతో.

ఇక్కడ ఒక వివరణ అవసరం. తెలుగులో జింక అనే మాటను కృష్ణజింకకు కూడా వాడతాము. కానీ దానివి ఊడిపోని కొమ్ములు. షైరస్ చిత్రించిన తెల్లతోక జింక మన చుక్కల దుప్పి, కణుజుల కుటుంబానికి చెందినది. ఐరోపా ఎర్రజింక కూడా ఈ కుటుంబంలోనిదే. వీటిలో మగవాటి కొమ్ములు ఏటా ఊడి మళ్ళీ మొలుస్తాయి. వేసవిలో కొమ్ములపై మెత్తని నూగు చర్మం ఉంటుంది. శరదృతువులో అది రాలిపోయి, మెడ లావెక్కి, మగజింకలు జోడు కోసం ఒకదానితో ఒకటి తలపడతాయి. మిషిగన్‌లో ఈ మదకాలం నవంబరులో ఉధృతంగా ఉంటుంది. ఎప్పుడూ జాగరూకతతో ఉండే మగజింక ఆ కొద్ది వారాలలో ఒళ్ళు మరచి తిరుగుతుంది. వేటగాళ్ళకు అది అనుకూలమైన కాలం. షైరస్ రాత్రి చిత్రాలకు మాత్రం జింకలు నీటికి వచ్చే వెచ్చని నెలలే ఎక్కువ అనువైనవి.

రాత్రి ఛాయాచిత్రణ

అప్పటికి విద్యుత్ ఫ్లాష్ లేదు. మెగ్నీషియం పొడిని స్పిరిట్ దీపపు మంటపైకి ఒక్కసారిగా ఊదితే కనురెప్పపాటు పట్టపగలులాంటి వెలుగు వస్తుంది. షైరస్ తొలి పరికరం ఇదే. తరువాత పిస్తోలు ఆకారంలో, మీట నొక్కగానే పొడి మండే సాధనాన్ని ఉపయోగించాడు. ఇటువంటి పొడులు ప్రమాదకరమైనవి. తడిస్తే పనిచేయవు, ఆక్సిజన్‌ను అందించే రసాయనాలు కలిపినవైతే చేతిలోనే పేలిపోవచ్చు.

పడవ ముందు భాగంలో దీపం, దాని కింద కెమెరా, వెనుక తెడ్డు వేసే సహచరుడు. ఈ పనిలో జాన్ హామర్ అనే మార్గదర్శి ఆయనకు చాలా ఏళ్ళు తోడుగా ఉన్నాడు. కెమెరాను ఒక దూరానికి ముందుగానే సరిచేసి ఉంచేవారు. చీకటిలో కటకాన్ని సవరించుకునే వీలు లేదు. కనిపించేవి రెండు మెరిసే కళ్ళు మాత్రమే, కాబట్టి సరైన దూరానికి చేరామా లేదా అన్నది అంచనా వేయాలి. పడవ ఊగకూడదు, తెడ్డు అంచుకు తగలకూడదు. గాజుపలక వృధా అయితే ఆ రాత్రికి పని ముగిసినట్టే. వెలుగు మెరిసిన తరువాత జింకకే కాదు, మనుషులకు కూడా కొద్దిసేపు ఏమీ కనిపించేది కాదు. జింక నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డెక్కి పోతున్న చప్పుడు మాత్రం వినిపించేది.

ఒడ్డున కాలిబాటలకు అడ్డంగా సన్నని దారం కట్టి, జంతువు తగిలితే తనంతట తానే ఫ్లాష్ వెలిగి కెమెరా పనిచేసే ఏర్పాటు కూడా షైరస్ చేశాడు. ఎర కోసం మేత పెట్టేవాడు. రకూన్‌లు, బీవర్‌లు ఇలా తమ చిత్రాలను తామే తీసుకున్నాయి. నేటి అడవులలో పులుల లెక్కకు వాడే కెమెరా ఉచ్చులకు ఇది మాతృక. రెండు ఫ్లాష్‌లు, రెండు కెమెరాలు వాడి, మొదటిదానితో నిశ్చలంగా ఉన్న జింకను, క్షణం తరువాత రెండవదానితో బెదిరి ఎగిరిన జింకను చిత్రించడం మరొక ప్రయోగం. గాలిలో వంగిన జింకల ఆ చిత్రం ఈయన తీసిన వాటిలో ఎక్కువగా ప్రచురితమైన వాటిలో ఒకటి. జంతువును బెదరగొట్టి తీసిన చిత్రమని నేటి దృష్టితో ఆక్షేపించవచ్చు. కానీ ఆ కాలంలో అదే చోట, అదే వెలుగులో నిలబడిన జింకకు ఎదురయ్యేది సాధారణంగా తూటా అన్న సంగతి మరువరాదు.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో రాత్రి జింకల చిత్రాలకు బంగారు పతకం లభించింది.

నేషనల్ జియోగ్రాఫిక్

నేషనల్ జియోగ్రాఫిక్ సంపాదకుడు గిల్బర్ట్ గ్రోవ్‌నర్ ఈ చిత్రాలను చూసి 1906 జూలై సంచికలో 74 చిత్రాలు ప్రచురించాడు. సంచిక దాదాపు మొత్తం వీటికే పోయింది. అప్పటి వరకు ఆ పత్రిక ప్రధానంగా భూగోళ శాస్త్రజ్ఞుల వ్యాసాలకు వేదిక. దానిని బొమ్మల పుస్తకంగా మారుస్తున్నారంటూ పాలకమండలి సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారు. పాఠకులకు మాత్రం చిత్రాలు ఎంతో నచ్చాయి. ఆ పత్రిక నేడు దేనికి పేరుపొందిందో అందరికీ తెలిసినదే. షైరస్ స్వయంగా ఆ పాలకమండలిలో సభ్యుడయ్యాడు.

తరువాతి సంవత్సరాలలో న్యూఫౌండ్‌లాండ్‌లో కారిబూలను, 1911లో అలాస్కాలోని కెనాయ్ ద్వీపకల్పంలో మూస్‌లను, తెల్ల గొర్రెలను చిత్రించాడు. జింక కుటుంబంలోకెల్లా పెద్దదైన మూస్ ఎల్లోస్టోన్ ప్రాంతంలో చాలా అరుదని అప్పటి అభిప్రాయం. షైరస్ 1908 నుండి 1910 వరకు అక్కడ తిరిగి, అవి పెద్ద సంఖ్యలో ఉన్నాయని చూపించాడు. ఎడ్వర్డ్ నెల్సన్ 1914లో ఈ ఉపజాతిని శాస్త్రీయంగా వర్ణించి దానికి షైరస్ పేరు పెట్టాడు.

రాజకీయ జీవితం

1889-90లో పెన్సిల్వేనియా శాసనసభ సభ్యుడిగా ఉన్నాడు. 1903 మార్చి నుండి 1905 మార్చి వరకు స్వతంత్ర రిపబ్లికన్‌గా అమెరికా ప్రతినిధుల సభలో కూర్చున్నాడు. రెండవసారి పోటీ చేయలేదు. 1904 డిసెంబరులో వలస వేటపక్షులను కేంద్రప్రభుత్వ రక్షణ కిందికి తేవాలని బిల్లు ప్రవేశపెట్టాడు. అడవి జంతువులపై అధికారం రాష్ట్రాలదేనన్నది అప్పటి న్యాయసూత్రం. పక్షి రాష్ట్రాల సరిహద్దులను దాటి పోతుంది కాబట్టి ఏ ఒక్క రాష్ట్రమూ దానిని కాపాడలేదన్నది షైరస్ వాదన. బిల్లు నెగ్గలేదు. కానీ అదే ఆలోచన 1913లో వీక్స్-మెక్లీన్ చట్టంగా, 1916లో కెనడా తరఫున బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంగా, 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టంగా రూపుదిద్దుకుంది. 1918 చట్టాన్ని సుప్రీంకోర్టు 1920లో సమర్థించింది. ఆయన తండ్రి అప్పటికి చాలాకాలం క్రితమే ఆ కోర్టు నుండి విరమించాడు.

చివరి రోజులు

అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ షైరస్‌కు మిత్రుడు. ఆయన స్వయంగా వేటగాడు, గ్రంథకర్త కూడా. అనుభవాలన్నీ పుస్తకంగా రాయమని షైరస్‌ను పట్టుబట్టాడు. షైరస్ ఆ పని వాయిదా వేస్తూ వచ్చాడు. రూజ్వెల్ట్ 1919లో మరణించాడు. రెండు సంపుటాల పుస్తకం 1935లో గాని నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ప్రచురణగా వెలువడలేదు. అప్పటికి రచయిత వయసు 76 ఏళ్ళు.

తన వద్దనున్న సుమారు 2,400 గాజు నెగెటివ్‌లను ఆయన 1928లోనే ఆ సొసైటీకి ఇచ్చివేశాడు. 1942 మార్చి 24న మార్క్వెట్‌లో మరణించాడు. అక్కడి పార్క్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేశారు. ఆ నెగెటివ్‌ల నుండి ఎంపిక చేసిన రాత్రి చిత్రాలను 2015లో పారిస్‌లోని వేట, ప్రకృతి మ్యూజియంలో ప్రదర్శించారు.