తలకు గురిపెట్టి కాల్చినా బతికాడు.. కోర్టులో మాత్రం నోరు విప్పలేదు! హాలీవుడ్ సినిమా వెనుక అసలు డాన్ కథ ఇదే..

ఇద్దరు పాత ఫ్రెండ్స్. ఇద్దరూ ఇటలీ నుంచి అమెరికా వలస వచ్చినవాళ్లే. న్యూయార్క్ మాఫియాలో ఇద్దరూ పెద్ద తలకాయలే. అలాంటివాళ్లు ఒకరి మీద ఒకరు పగబడితే? 2025 మార్చిలో వచ్చిన హాలీవుడ్ మూవీ 'ది ఆల్టో నైట్స్' కథ అదే. ఆ రెండు పాత్రలూ రాబర్ట్ డి నీరోనే చేశాడు. సినిమా బాక్సాఫీస్ దగ్గర బోల్తా కొట్టింది. కానీ అసలు కథ అలా తీసిపారేసేది కాదు. ఆ ఇద్దరిలో ఒకడు విటో జెనోవీస్. రెండోవాడు ఫ్రాంక్ కాస్టెల్లో.

ఇంతకీ ఎవరీ కాస్టెల్లో?

అసలు పేరు ఫ్రాన్సెస్కో కాస్టిలియా. 1891లో ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చేశాడు. పెరిగింది ఈస్ట్ హార్లెమ్ వీధుల్లో. 1915లో తుపాకీతో దొరికిపోయి కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక ఇక గన్ పట్టకూడదని డిసైడ్ అయ్యాడని చెబుతారు. అందులో నిజమెంతో గానీ, ఆ తర్వాత దాదాపు 36 ఏళ్లు మళ్లీ జైలు గడప తొక్కలేదు. మాఫియాలో ఇది మామూలు రికార్డు కాదు.

1920లో అమెరికాలో మద్య నిషేధం వచ్చింది. దొంగ మద్యం రవాణాలో లక్కీ లూసియానో, మేయర్ లాన్‌స్కీ లాంటివాళ్లతో చేతులు కలిపి బాగా వెనకేశాడు. తర్వాత స్లాట్ మెషీన్లు, అంటే నాణెం వేసి ఆడే జూదం. 1934లో న్యూయార్క్ మేయర్ అయిన లాగార్డియా ఆ మెషీన్లను సుత్తితో పగలగొట్టించి నీళ్లలో పారేయించాడు. కాస్టెల్లో గొడవకు దిగలేదు. దుకాణం ఎత్తేసి న్యూ ఆర్లీన్స్‌లో తెరిచాడు. అక్కడి రాజకీయాల్లో తిరుగులేని హ్యూయీ లాంగ్ అండ ఉంది మరి.

ఇతని స్టైలే అది. చంపడం కంటే కొనడం ఈజీ అనుకునే రకం. పోలీసులు, నాయకులు, జడ్జిలు.. అందరితోనూ పరిచయాలే. 1943లో జడ్జి పదవికి అభ్యర్థిగా ఖరారైన ఒకాయన కాస్టెల్లోకు ఫోన్ చేసి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. ఆ ఫోన్ అప్పటికే ట్యాప్ అవుతోంది! పేపర్లలో రచ్చ రచ్చ అయింది. అయినా ఆ అభ్యర్థి జడ్జి అయ్యాడు. కాస్టెల్లోను అండర్‌వరల్డ్ ప్రైమ్ మినిస్టర్ అని పిలిచింది ఊరికే కాదు.

మరి జెనోవీస్‌తో గొడవ ఎక్కడ మొదలైంది? కుర్చీ దగ్గర. 1936లో బాస్ లూసియానోకు భారీ శిక్ష పడింది. తర్వాతి వరసలో ఉన్నది జెనోవీస్. కానీ ఒక మర్డర్ కేసు మెడకు చుట్టుకోవడంతో మరుసటి ఏడాది ఇటలీకి పారిపోయాడు. పగ్గాలు కాస్టెల్లో చేతికొచ్చాయి. 1945లో జెనోవీస్‌ను అమెరికాకు పట్టుకొచ్చారు. ఈలోగా కీలక సాక్షి జైల్లోనే విషప్రయోగంతో చనిపోయాడు. 1946లో కేసు వీగిపోయింది. జెనోవీస్ బయటికొచ్చి చూస్తే తన కుర్చీలో పాత ఫ్రెండ్ కూర్చుని ఉన్నాడు. లేవమంటే లేచే కుర్చీ కాదది. అదను కోసం పదేళ్లకు పైగా కాచుకున్నాడు.

జెనోవీస్ కంటే ముందు కాస్టెల్లోను దెబ్బ కొట్టింది మాత్రం టీవీ.

1951 మార్చిలో సెనేటర్ కెఫావర్ కమిటీ న్యూయార్క్‌లో విచారణ పెట్టింది. టీవీలో లైవ్. కోట్లాది మంది కళ్లప్పగించి చూశారు. ముఖం చూపించడానికి వీల్లేదని కాస్టెల్లో పట్టుబట్టాడు. కమిటీ సరేనంది. దాంతో కెమెరామెన్ ఒక ఐడియా వేశారు. ముఖం వదిలేసి చేతుల మీద ఫోకస్ పెట్టారు. రుమాలు నలిపే వేళ్లు, నీళ్ల గ్లాసు కోసం తడుముకునే చేయి.. వెనక నుంచి ఆ బొంగురు గొంతు. ముఖం కనిపించినా ఇంత అనుమానం వచ్చేది కాదేమో! 'గాడ్‌ఫాదర్'లో మార్లన్ బ్రాండో గొంతుకు ఇదే ఇన్‌స్పిరేషన్ అంటారు.

దేశానికి ఏం చేశావని అడిగితే ట్యాక్స్ కట్టానని జవాబిచ్చాడు. హాల్లో నవ్వులు. మధ్యలో లేచి వెళ్లిపోయాడు కూడా. ఫలితం.. సెనేట్‌ను ధిక్కరించినందుకు 1952లో జైలు. ఆ వెంటనే ట్యాక్స్ అధికారులు తగులుకున్నారు. చూపించిన ఆదాయం ఎంత, ఇంట్లో పెడుతున్న ఖర్చెంత అని కూపీ లాగారు. భార్య షాపింగ్ లెక్కలు తీశారు. చివరికి క్వీన్స్‌లోని శ్మశానంలో తన కోసం ముందే కట్టించుకున్న సమాధి మందిరం బిల్లు కూడా సాక్ష్యమైంది. 1954లో పన్ను ఎగవేత కేసులో ఐదేళ్ల శిక్ష.

1957లో అప్పీలు మీద బయటికొచ్చాడు. జెనోవీస్ ఎదురుచూస్తున్న అదను అదే.

మే 2 రాత్రి. సెంట్రల్ పార్క్ పక్కనే మెజెస్టిక్ అపార్ట్‌మెంట్స్. 66 ఏళ్ల కాస్టెల్లో లాబీలోకి అడుగుపెట్టాడు. వెనకాలే విన్సెంట్ గిగాంటే అనే 29 ఏళ్ల మాజీ బాక్సర్. కాల్చే ముందు గిగాంటే ఏదో అరిచాడు. అది విని కాస్టెల్లో తల తిప్పాడు. బుల్లెట్ తల పక్క నుంచి చర్మాన్ని చీల్చుకుంటూ పోయింది. నోరు మూసుకుని కాల్చి ఉంటే కథ అక్కడే ముగిసేది!

ఆస్పత్రిలో పోలీసులు జేబులు వెతికితే ఒక కాగితం దొరికింది. అందులో 6,51,284 డాలర్ల లెక్క. లాస్ వెగాస్ ట్రోపికానా క్యాసినో రాబడితో అది సరిగ్గా సరిపోయింది. దాని సంగతేంటని గ్రాండ్ జ్యూరీ అడిగితే కాస్టెల్లో నోరు మెదపలేదు. కోర్టు ధిక్కారం కింద మళ్లీ జైలు.

1958లో గిగాంటే కేసు విచారణ. అపార్ట్‌మెంట్ డోర్‌మ్యాన్ గిగాంటేను గుర్తుపట్టాడు. కాల్పుల్లో గాయపడ్డ కాస్టెల్లో మాత్రం ఎవరు కాల్చారో చూడలేదన్నాడు. గిగాంటే నిర్దోషిగా బయటపడ్డాడు. అది భయమా, మాఫియా కట్టుబాటా, లేక లెక్క ప్రకారం నడిచే అతని బుర్రా? మూడూ ఉండొచ్చు. ఎందుకంటే అప్పటికే అతని తరఫున నిలబడే డాన్ ఆల్బర్ట్ అనస్టేషియాను 1957 అక్టోబర్‌లో ఒక హోటల్ బార్బర్ షాప్‌లో కాల్చి చంపేశారు. కాస్టెల్లో కుర్చీ వదిలేశాడు. ప్రాణం దక్కించుకున్నాడు.

జెనోవీస్ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. అదే నవంబర్‌లో అపలాకిన్ అనే పల్లెలో మాఫియా పెద్దలందరినీ సమావేశపరిస్తే పోలీసులు చుట్టుముట్టారు. సూటు బూటు వేసుకున్న డాన్లు అడవుల్లో పడి పరుగులు! 1959లో డ్రగ్స్ కేసులో జెనోవీస్‌కు 15 ఏళ్ల శిక్ష పడింది. పంపింది అట్లాంటా జైలుకు. పన్ను కేసులో కాస్టెల్లో అప్పటికే అక్కడున్నాడు. పాత మిత్రులు జైల్లో రాజీపడ్డారని చెబుతారు. జెనోవీస్ 1969లో ఖైదీగానే చనిపోయాడు.

1961లో విడుదలైన కాస్టెల్లోను దేశం నుంచి పంపేయాలని ప్రభుత్వం చూసింది. పౌరసత్వం పోయింది గానీ, 1964లో సుప్రీంకోర్టు డిపోర్టేషన్‌ను అడ్డుకుంది. 1973 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లోనే గుండెపోటుతో కన్నుమూశాడు. వయసు 82.

ట్యాక్స్ కేసులో సాక్ష్యమైన ఆ మందిరంలోనే సమాధి చేశారు. మరుసటి ఏడాది ఎవరో బాంబు పెట్టి దాని తలుపులు పేల్చేశారు. అప్పుడే జైలు నుంచి వచ్చిన కార్మైన్ గలాంటే అనే మాఫియా నాయకుడి పనేనని ప్రచారం జరిగింది.