ఆక్రమిత పారిస్‌లో ఒక కాంతి: నూర్ ఇనాయత్ ఖాన్

హైదరాబాదులో సూఫీ గురువు అబూ హాషిం మదనీని సేవించిన సంగీత విద్వాంసుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్. ఆయన పెద్ద కుమార్తె నూర్ 1914 జనవరి 1న మాస్కోలో జన్మించి, పారిస్ సమీపాన పెరిగింది. జాతక కథలను బాలల కోసం ఆంగ్లంలో చెప్పిన మృదుస్వభావురాలు.

1940లో జర్మన్ సేనలు ఫ్రాన్సును ఆక్రమించగా ఆ కుటుంబం ఇంగ్లండు చేరింది. అన్యాయాన్ని చూస్తూ ఊరకుండరాదని నూర్ నిశ్చయించుకొన్నది. 1942 జూలైలో పారిస్‌లో పోలీసులు రెండు దినాలలో సుమారు 13,000 మంది యూదులను నిర్బంధించారు. తప్పించుకొన్నవారు పరుల ఇండ్లలో తలదాచుకొన్నారు. అట్టి నగరానికి 1943 జూన్‌లో నూర్ రహస్య వైర్‌లెస్ ఆపరేటరుగా వెళ్ళి, తానూ అజ్ఞాతవాసం చేసింది.

కొద్ది దినాలకే సహచరులు పట్టుబడ్డారు. తిరిగి రమ్మని లండన్ కోరినా, వార్తలు పంపేవారు మరి లేరని ఆమె నిలిచిపోయింది. ఇండ్లు మారుతూ సందేశాలు పంపి, అక్టోబరులో పట్టుబడింది. సందేశాల పుస్తకం శత్రువులకు చిక్కినా, సహచరుల పేర్లు ఆమె నోట వెలువడలేదు. సంకెళ్ళతో కారాగారంలో మాసాలు గడిపిన పిమ్మట 1944 సెప్టెంబరు 13న డాఖౌ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. 1949లో బ్రిటన్ జార్జి క్రాస్ ప్రకటించింది.

పరమతస్థుల ఆపదను తన ఆపదగా ఎంచిన ఈ ముస్లిం వనితను నల్లపాడులోని మేము మా ఇంటి ఆడపడుచుగా స్మరిస్తున్నాము.