దోమ రెక్క మీది మచ్చలు: సర్ రోనాల్డ్ రాస్

చిలకలూరిపేట చుట్టుప్రక్కల ప్రత్తి, మిరప చేలలో ఆకు వెనుక త్రిప్పి చూచిన వారికి పేనుబంక, తామరపురుగు క్రొత్తవి కావు. వానిని ఫొటో తీసి తరగతిలో చూపవలెనని తలచు ఉపాధ్యాయునికి, డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా చేతికి రాగానే ఒక ప్రశ్న ఎదురగును: ఏ మేక్రో లెన్సు కొనవలెను? ధరల పట్టీ తెరచుటకు ముందు, మన తెలుగునేల మీదనే, సికిందరాబాదులో, దోమలను కోసి చూచుచు కన్నులు కాయలు కాచిన ఒక వైద్యుని చరిత్ర తెలిసికొనుట మేలు.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న కుమావూను కొండలలోని అల్మోరాలో జన్మించినాడు. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువుకై ఇంగ్లండుకు పంపినారు. అతని మనసు కవిత్వము మీద, చిత్రలేఖనము మీద ఉండెడిది. వైద్యము తండ్రి కోరిక. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు, బర్మా, అండమాను దీవులలో పనిచేసినాడు. ఆ సంవత్సరములలో ఆయన వైద్యమునకన్న కవిత్వమునకు, నవలలకు, గణితమునకు ఎక్కువ కాలము వెచ్చించినట్లు కనబడును. బెంగుళూరులో మాత్రము ఒక చిన్న సంగతి జరిగినది. బస ప్రక్కనున్న తొట్టిలో దోమపిల్లలు కదలాడుట చూచి, ఆ నీటిని పారబోయించగా ఇంటిలో దోమలు తగ్గినవి. ఆనాటికి అది దోమల బాధ తప్పించుకొను ఉపాయమే గాని, జ్వరముతో దానికి సంబంధమున్నదని ఆయనకు తోచలేదు.

మలేరియాకు కారణమైన క్రిమిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగుల రక్తమున కనుగొన్నాడు. అది మనిషి నుండి మనిషికి ఎట్లు చేరుచున్నదో ఎవరికిని తెలియదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆ క్రిమిని సూక్ష్మదర్శినిలో రాస్‌కు చూపి, దోమలను అనుమానింపుమని బోధించినాడు. మరుసటి యేడు రాస్ సికిందరాబాదుకు వచ్చి పని ఆరంభించినాడు. దోమపిల్లలను సీసాలలో పెంచుట, రెక్కలు వచ్చిన పిదప వానిచేత రోగులను కరపించుట, ఆపై ఒక్కొక్క దోమను సూదులతో చీల్చి చూచుట, ఇదే నిత్యకృత్యము. నడుమ బెంగుళూరులో కలరా విధులు వచ్చి పడినవి. ఉదకమండల ప్రాంతమున ఆయనకే మలేరియా సోకినది. ఫలితము మాత్రము శూన్యము.

లోపము లెన్సులో లేదు. నూనెచుక్క వేసి చూచు వస్తుకటకము ఆయన వద్ద ఉన్నది. అట్టి కటకము వేయిరెట్ల వరకు పెంచి చూపగలదు. కాని దాని క్రింద ఆయన పెట్టుచు వచ్చినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనుష్యుల మలేరియా క్రిమి వానిలో పెరుగనే పెరుగదు. ఎంత శక్తిగల కటకమైనను లేనిదానిని చూపజాలదు గదా!

1897 ఆగస్టు మధ్యలో, సహాయకులు తెచ్చిన దోమపిల్లల నుండి మచ్చల రెక్కలుగల గోధుమవన్నె దోమలు వెలువడినవి. ఆగస్టు 16న వానిని హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిని కరువనిచ్చినాడు. కరచిన దోమ కొక అణా చొప్పున అతనికి ముట్టినది. ఆ దినములలో ఉక్క భరింపరానిది. పంకా లాగించినచో దోమలు ఎగిరిపోవును, కావున అదియు లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క అక్షికటకము పగిలి ఉన్నది. ఆగస్టు 20న, ఆ దోమలలో రెండు మూడు మాత్రమే మిగిలియుండగా, ఒకదాని కడుపు గోడలో మిల్లీమీటరులో నూరవవంతుకు కొంచెము మించిన గుండ్రని కణములు, వానిలో మలేరియా క్రిమికి సహజమైన నల్లని రేణువులు అగపడినవి. మరునాడు చివరి దోమలో ఆ కణములు ఇంకను పెద్దవై ఉన్నవి. అనగా అవి పెరుగుచున్నవి. చూచినదానిని నోటుపుస్తకములో బొమ్మలుగా గీచి పెట్టుకొన్నాడు. చిన్ననాటి చిత్రలేఖనము ఆనాడు అక్కరకు వచ్చినది.

ఇందులో లెన్సు కొనువారు గమనింపదగిన విషయ మొకటి ఉన్నది. కడుపులోని కణమునకు సూక్ష్మదర్శిని తప్పదు. కాని ఏ దోమను పట్టవలెనో చెప్పినవి రెక్క మీది మచ్చలు, తోక పైకెత్తి వాలు తీరు. వీనికి మేక్రో లెన్సు చాలును. ఒకటికి ఒకటి నిష్పత్తిగల మేక్రో లెన్సులో మూడు మిల్లీమీటర్ల రెక్క, సెన్సారు మీద మూడు మిల్లీమీటర్లుగానే పడును. సాధారణ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. సెన్సారు వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. అనగా రెక్క చిత్రములో ఎనిమిదవ వంతు ఆక్రమించును. మచ్చలు లెక్కించుట కది చాలు. చచ్చిన పురుగును అట్టమీద గ్రుచ్చి తీయువారికి 60 మిల్లీమీటర్ల లెన్సు సరిపోవును. ప్రాణమున్న దోమకు అది పనికిరాదు. లెన్సు అంచు పురుగునకు జానెడైన ఎడము లేకుండ సమీపించును, నీడ పడగానే పురుగు ఎగిరిపోవును. 100 మిల్లీమీటర్లదైనచో సుమారు 15 సెంటీమీటర్ల ఎడము దొరకును. నా మట్టుకు బడికి అదే మంచిదని తోచుచున్నది. ఏ లెన్సైనను ఆ దూరమున స్పష్టముగా కనబడు మందము ఒక మిల్లీమీటరు లోపే. ఇక మిల్లీమీటరు పొడవైన తామరపురుగునకు ఈ లెన్సును చాలదు, ఎక్స్‌టెన్షన్ ట్యూబు లనబడు బోలు గొట్టములు తగిలింపవలెను.

రాస్ వ్యాసము 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడినది. అంతకు ముందే ప్రభుత్వము ఆయనను రాజపుత్రస్థానములోని ఖేర్వారాకు బదిలీ చేసినది. మలేరియా పరిశోధనకు అక్కడ అవకాశము మృగ్యము. కలకత్తా చేరిన పిదప పక్షుల మలేరియాను పట్టుకొని, 1898 జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుట, కాటుతో ఆరోగ్యముగల పక్షికి సోకుట నిరూపించినాడు. ఆ యేడే ఇటలీలో గ్రాస్సీ బృందము మనుష్యుల మలేరియాను మోయునవి అనాఫిలిస్ దోమలని రుజువు చేసినది. ఎవరు ముందను కలహము వారిద్దరిని వదలలేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కే వచ్చినది. అయినను ఆయన నోట పరుషములు ఆగలేదు, ఇది ఆయన కీర్తికి అందము కాదు. 1899లోనే భారతదేశము విడిచి లివర్‌పూల్‌లో బోధకుడైనాడు. 1911లో సర్ బిరుదు పొందినాడు. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించినాడు.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము నేటికిని నిలిచి ఉన్నది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. ఆనాటి దోమలకు తన రక్తము నిచ్చిన హుస్సేన్ ఖాన్‌కు ముట్టినది పది దోమలకు పది అణాలు.