జాన్సను పండితుడు – "హోమ్" అను మాట

"గో టు స్కూల్" ఒప్పు; "గో టు హోమ్" తప్పు. ఆ రెండవ "టు"ను ఎఱ్ఱసిరాతో కొట్టివేయుట సులభమే కాని, విద్యార్థి కారణమడిగినచో చెప్పుట అంత సులభము కాదు. ఇట్టి చిక్కులతో తొమ్మిదేండ్లు పెనుగులాడినవాడు శామ్యూల్ జాన్సన్.

ఈతడు 1709లో లిచ్‌ఫీల్డు పట్టణమున ఒక పుస్తకవిక్రేత యింట జన్మించెను. పసితనముననే గండమాల సోకి చూపు మందగించెను. ఆక్స్‌ఫర్డులో చేరియు, ధనము లేక పట్టము పొందకయే 1729లో మరలివచ్చెను. పిదప భార్య తెచ్చిన సొమ్ముతో బడి పెట్టెను. పట్టుమని పదిమంది చేరలేదు. అది మూతపడగా, 1737లో శిష్యుడగు డేవిడ్ గారిక్కుతో కలిసి లండనుకు బయలుదేరెను.

1746లో పుస్తకవ్యాపారులు నిఘంటువునకై 1575 పౌండ్లకు ఒడంబడిక చేసికొనిరి. గాఫ్ స్క్వేరులోని యింటి పైయంతస్తున ఆరుగురు లేఖకులతో పని సాగెను. అతనిని బాధించినవి కఠినపదములు కావు. నిత్యము నోట నానెడి చిన్న మాటలు! ఒక్క "టేక్" అను క్రియకే 134 అర్థములు చూపవలసివచ్చెను. "సెట్ ఔట్" అనగా బయలుదేరుట, "గివ్ ఓవర్" అనగా మానుట. క్రియ వెంట చేరు ఇట్టి మాటలే పరదేశీయులకు మిక్కిలి కష్టమని గ్రహించి, పీఠికలో ఆ సంగతి చెప్పి, శ్రద్ధతో వానిని సేకరించెను. తన పట్టిక సంపూర్ణమని మాత్రము చెప్పుకొనలేదు.

"హోమ్"ను నామవాచకముగా ఒకచోటను, క్రియావిశేషణముగా వేఱొకచోటను నిలిపెను. "లీవ్ హోమ్" అన్నప్పుడు దేనిని విడుచుట? ఇంటిని, అది నామము. "గో హోమ్" అన్నప్పుడు ఎచ్చటికి పోవుట? ఇంటికి, అది క్రియావిశేషణము. మన "కి" అచ్చట మాటలోనే ఇమిడియున్నది. కావున "టు" చేర్చిన పునరుక్తి యగును. "స్కూల్"కు ఆ శక్తి లేదు.

1752లో భార్య గతించెను. 1755లో ఆక్స్‌ఫర్డువారే ఎం.ఏ. పట్టమీయగా, అది నిఘంటువు ముఖపత్రమున అచ్చయ్యెను. మఱుసటి యేడే ఆఱు పౌండ్లయినను లేని అప్పునకు ఆ పండితుని నిర్బంధించిరి! 1762లో రాజు ఏటికి 300 పౌండ్ల భరణ మేర్పఱచిన పిదపగాని ఇబ్బంది తీరలేదు. 1784 డిసెంబరు 13న మరణించెను. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో, మూతపడిన ఆ బడిలో చదివిన గారిక్కు సమాధి చెంతనే అతనిని ఖననము చేసిరి.